బుల్లెట్‌కి ఆ హై కంప్రెషన్ పిస్టన్ కిట్ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

చేతులకి ఇంకా అల్యూమినియం పొడి వదల్లేదు, అలాగే కూర్చుని టైప్ చేస్తున్నాను. తప్పులుంటే క్షమించండి.

పాత క్యాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్ 350 నడిపేవాళ్లకి ఈ అమ్మేవాడు ఎవరో చెప్పక్కర్లేదు. రీల్స్‌లో "తమ్ముళ్లూ" అంటూ మొదలుపెట్టే ఆయనే. పవర్ పెంచే హై కంప్రెషన్ పిస్టన్, వాల్వుల్ని ఎక్కువ తెరిచే హై లిఫ్ట్ క్యామ్ కలిపి 11,500. ఫోర్జ్‌డ్ పిస్టన్ (పోత పోసింది కాదు, లోహాన్ని అదిమి గట్టిగా చేసింది), వాల్వ్ పాకెట్లు, అంటే వాల్వులు తగలకుండా పిస్టన్ నెత్తిన ఉండే పల్లాలు, కోసే వస్తాయి, విప్పి బిగించడమే అన్నాడు. నాన్న 1996 బండి అది. ఫోన్‌పేలో ముందే మొత్తం కొట్టేశాను, అంత తెలివి నాది.

కిట్ వచ్చింది. నాకొక్క మంచి అలవాటుంది, బిగించే ముందు వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఖాళీ ఎంతుందో క్లే పెట్టి చూస్తాను. మా పాప ఆడుకునే రంగు మట్టి కొంచెం తీసుకుని పిస్టన్ నెత్తిన అద్ది, వాల్వులకి అంటకుండా నూనె రాసి, గాస్కెట్ వేసి హెడ్ బిగించి, పుష్ రాడ్లు సరిచేసి, క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పాను. హెడ్ విప్పి మట్టిని బ్లేడుతో కోసి వెర్నియర్ పెడితే ఎగ్జాస్ట్ వైపు అర మిల్లీమీటరు! ఇన్‌లెట్‌కి రెండు, ఎగ్జాస్ట్‌కి రెండున్నర దాకా ఉండాలని ఇంజిన్ పని చేసేవాళ్లంతా అంటారు. ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా పూర్తిగా మూసుకోకముందే పిస్టన్ దాని వెనకే పైకి తరుముకొస్తుంది. వాల్వు వేడికి సాగుతుంది కూడా. అలాగే బిగించి కిక్కు కొట్టి ఉంటే వాల్వు వంగి చేతికొచ్చేది.

ఫోన్ చేశాను. పాకెట్ లోతు చాలలేదంటే ఎంత ప్రేమగా మాట్లాడాడో!

"తమ్ముడూ, దీనికెందుకు టెన్షన్? అందరూ ఇంట్లోనే చేసుకుంటారు. పాత వాల్వు తల మీద ఎమెరీ పేపర్ అంటించు. స్ప్రింగ్ తీసేసి గైడ్‌లో దూర్చు, కాడని డ్రిల్లుకి పట్టించి తిప్పు. అరగంట పని. ఆటోనగర్‌లో మిల్లింగ్‌కి ఇచ్చి డబ్బులెందుకు తగలేస్తావ్?"

పద్ధతి అబద్ధం కాదు, నిజంగానే చేస్తారు. వాల్వు గైడ్‌లోనే తిరుగుతుంది కాబట్టి పాకెట్ సరైన చోటే, సరైన వాలులోనే పడుతుంది. అందుకే నమ్మాను. కాడకి టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకున్నాను. రింగులు తీసేసి, క్రాంక్‌కేస్‌లోకి పొడి పోకుండా గుడ్డలు కుక్కాను. ఇంత జాగ్రత్త పడ్డవాణ్ని, పిస్టన్ నెత్తి మందం ఎంతుందో కింది నుంచి కాలిపర్ పెట్టి చూసుకోలేదు. రెండు నిమిషాల పని అది. తిట్టుకోవాలంటే నన్ను నేను ఇక్కడే తిట్టుకోవాలి.

మిల్లీమీటరున్నర దిగిందో లేదో, పాకెట్ అడుగున సూది మొన అంత నల్ల చుక్క కనిపించింది. మురికేమో అని పెట్రోల్‌తో తుడిచాను. పోలేదు. ఇంకొంచెం తిప్పితే పక్కనే ఇంకో మూడు. టార్చి వేసి చూస్తే అన్నీ గుంటలే, పోతలో గాలి బుడగలు చిక్కుకుంటే వచ్చేవి. ఫోర్జ్‌డ్ ముక్కలో గాలి గుంటలేంటండీ? అప్పుడు పెట్టాను కాలిపర్. కింద మిగిలింది మూడు మిల్లీమీటర్లు కూడా లేదు.

ఫోటోలు పంపి ఫోన్ చేశాను. ఎత్తగానే ఆయనన్న మాట:

"సార్, మీరు కోసేసిన పిస్టన్‌ని మేమెలా రిటర్న్ తీసుకుంటాం సార్?"

నిన్నటిదాకా "తమ్ముడూ, నువ్వు". ఇవాళ "సార్, మీరు". డబ్బు పోయినదానికన్నా ఆ "సార్" దగ్గర నా ఒళ్లు మండింది. మీరే కదా కోయమన్నారు అంటే, "ఎవరు కోయమన్నారు సార్? మేం ప్రొఫెషనల్ మెషినింగే చేయించమంటాం. మెసేజ్ ఉంటే పంపండి." మెసేజ్ ఎక్కడిది? అంతా నోటి మాటే. కోయకముందు పంపితే పాకెట్ లోతు చాలలేదని తీసుకోవాల్సి వచ్చేది. కోయించాడు, ఇక నోరు మూయించాడు. పెట్టేసే ముందు వెనక నుంచి ఎవరిదో నవ్వు వినిపించింది. నా గురించేనో కాదో నాకనవసరం, కడుపు మండింది.

సాయంత్రానికి నా నంబర్ బ్లాక్. అదే కిట్‌తో కొత్త రీల్ మాత్రం వచ్చింది, "మూడే సెట్లు మిగిలాయి తమ్ముళ్లూ" అని.

కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చాను, చూద్దాం.

ఆ, కొనేవాళ్లకి ఒక మాట. ఏదైనా కోయమంటే వాట్సాప్‌లో రాయించుకోండి. ముందు మందం కొలవండి. ఉన్నంతలో ఆటోనగర్‌లో మిల్లింగ్ మేస్త్రికి ఇవ్వడమే చవక.

బండికి పాత పిస్టనే మళ్లీ ఎక్కించాను. కొత్త గాస్కెట్ ఖర్చు అదనం. నాన్న అడిగితే సర్వీసింగ్ చేశానని చెప్పాను.