సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్, నాలుగు వేల గంటలు నడిచాక: పంపు కింద షిమ్ మాట

హార్స్‌పవరూ, బరువూ నేమ్‌ప్లేటు మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. పాతదైపోయినా ఈ ఇంజన్‌ని వదులుకోబుద్ధి కాకపోవడానికి కారణం ఒక్కటే. ఇంజెక్షన్ టైమింగ్‌ను, అంటే డీజిల్ సిలిండర్‌లో పడే సమయాన్ని, రెండు పానాలూ, షిమ్ అనే పల్చటి రేకుముక్కా ఉంటే మార్చుకోవచ్చు.

మూడు వేల గంటలు దాటాక లోడు మీద నల్లపొగ మొదలైంది. అందరి అనుమానమూ ముందు నాజిల్ మీదకే పోతుంది. టెస్టర్ మీద పెడితే అది 200 బార్ దగ్గర నిక్కచ్చిగా తెరుచుకుంది, కారడమూ లేదు. ఎయిర్ ఫిల్టరు శుభ్రం, వాల్వు సందులు సరిగ్గానే ఉన్నాయి. సైలెన్సర్ మాత్రం ఎప్పటికన్నా వేడెక్కుతోంది, కొత్త ఇంజనాయిలు తొందరగా నల్లబడుతోంది. స్పిల్ (పంపు డీజిల్‌ను నెట్టడం మొదలుపెట్టే చోటు) చూస్తే, టిడిసికి, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటుకు, 23 డిగ్రీల ముందు ఉండాల్సింది 21కి జారింది. పంపు ట్యాపెట్ రోలరు అరిగితే ప్లంజర్ (పంపులో డీజిల్‌ను నెట్టే కడ్డీ) ఆ మేరకు కిందికి దిగి, పోర్టు (డీజిల్ పంపులోకి వచ్చే రంధ్రం) ఆలస్యంగా మూసుకుంటుంది.

డీజిల్ జల్లు నడుమ గాలి అందని చోట మసి పుట్టడం ఎప్పుడూ ఉండేదే. టైమింగ్ సరిగ్గా ఉంటే అందులో చాలా భాగం లోపలే కాలిపోతుంది. ఆలస్యమైతే పిస్టన్ దిగుతూ ఉండగా మంట సాగుతుంది, వేడి తగ్గిపోతుంది, మసి కాలేలోపే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది.

చూసే పద్ధతి ఇది. ఫ్లైవీల్ వ్యాసం 400 మి.మీ. అయితే అంచు మీద డిగ్రీకి సుమారు 3.5 మి.మీ., అంటే 23 డిగ్రీల గీత టిడిసి గుర్తుకు 80 మి.మీ. ముందుండాలి. డెలివరీ వాల్వూ దాని స్ప్రింగూ తీసి, హోల్డర్ బిగించి, వంపు గొట్టం తగిలించాలి. లీవరు ఫుల్‌లో పెట్టి డీజిల్ వదలాలి. కంప్రెషన్ స్ట్రోకులో, ఇంజన్ తిరిగే దిక్కుకే ఫ్లైవీల్‌ను మెల్లగా తిప్పాలి. ధార తెగి, పది పదిహేను సెకన్లకో చుక్కగా మారిన చోటే పంపు నెట్టడం మొదలు. దాటిపోతే కాస్త వెనక్కి లాగి సరిపెట్టుకోకూడదు, గేరు పళ్ల ప్లే లెక్క తప్పిస్తుంది. పావు చుట్టు వెనక్కెళ్లి మళ్లీ రావాలి.

పంపు కింద షిమ్ తీస్తే టైమింగ్ ముందుకొస్తుంది. ఈ పంపుకు 0.1 మి.మీ. షిమ్ అంటే దాదాపు ఒక డిగ్రీ. 0.2 మి.మీ. తీశాక అదే లోడు మీద పొగ కంటికి ఆనీ ఆననట్టయింది, సైలెన్సర్ వేడీ తగ్గింది. తిరిగి బిగించేటప్పుడు డెలివరీ వాల్వును డీజిల్‌లో కడిగి అలాగే పెట్టాలి, గుడ్డతో తుడవొద్దు. నూలుపోగు ఒక్కటి సీటులో ఇరుక్కున్నా నాజిల్ కారి పొగ మళ్లీ మొదటికొస్తుంది.

అంత మెచ్చుకున్నాక కొంత కోత కూడా పెట్టాలి. ఇంకో 0.1 తీస్తే మసి ఇంకా తగ్గుతుంది, నిజమే, కానీ చల్లటి ఇంజన్ సుత్తితో కొట్టినట్టు మోగుతుంది. మరీ ముందుగా పడిన డీజిల్ అంటుకోవడానికి ఎక్కువ సేపు పడుతుంది, ఆలోగా పోగైనదంతా ఒక్క ఊపున మండుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లూ పెరుగుతాయి. ఉన్న షిమ్‌లన్నీ ఊడదీస్తే ప్లంజర్ పైకెళ్లి తగిలే ప్రమాదం వేరే. ఇక ఓవర్‌లోడు పొగకు ఏ షిమ్మూ పనిచేయదు.

ఇక్కడ ఇంజన్ ఎప్పుడూ 1500 ఆర్‌పిఎం మీదే, ముప్పావు లోడుతో నడుస్తుంది. అందుకే ఒకే టైమింగ్ సరిపోయింది. వేగం మాటిమాటికీ మారే పనికైతే, వేగాన్ని బట్టి టైమింగ్ మార్చే అడ్వాన్స్ యూనిట్ లేని ఈ పంపును కొనమని చెప్పలేను.