కాంటన్‌లో ఆ 500 డాలర్ల కాగితం చూడదగ్గదేనా?

ఒహాయో రాష్ట్రం కాంటన్‌లోని ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంలో కంచు విగ్రహాలు, హెల్మెట్లు, ట్రోఫీలు ఎటూ కళ్లకు కడతాయి. ఈ సమీక్ష వాటి గురించి కాదు, అక్కడున్న ఒక జమాఖర్చుల కాగితం గురించి. ప్రొఫెషనల్, అంటే డబ్బు తీసుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌కు జన్మపత్రం అని పేరు దీనికి. చదవడం తెలియకపోతే మాత్రం అదొక పాత చిట్టా.

అది పిట్స్‌బర్గ్ పక్కనున్న అలెగెనీ ఊళ్లోని అలెగెనీ అథ్లెటిక్ అసోసియేషన్ అనే అమెచ్యూర్ (డబ్బు తీసుకోకుండా ఆడే) క్లబ్బు లెక్క. 1892 నవంబర్ 12న రిక్రియేషన్ పార్కులో పొరుగు ప్రత్యర్థి పిట్స్‌బర్గ్ అథ్లెటిక్ క్లబ్బుతో ఆట. అంతకు ముందు నెలలో ఇద్దరూ 6–6తో సమానంగా ముగించారు. రెండోసారి పంతం పెరిగింది. మన ఊళ్లలో కబడ్డీ పోటీకి బయటి ఆటగాణ్ని దించినట్టే, అలెగెనీవాళ్లు యేల్ విశ్వవిద్యాలయం మాజీ దిగ్గజం పడ్జ్ హెఫెల్‌ఫింగర్‌ను రప్పించారు. వెంట మరో ఇద్దరు బయటి ఆటగాళ్లు, డొనెలీ, మాలీ. వాళ్లను చూడగానే అవతలి జట్టు అభ్యంతరం చెప్పింది, వాదన సాగింది, పందేలు రద్దయ్యాక గానీ ఆట మొదలు కాలేదు.

ఇక కాగితం. గేటు వసూలు 1,683.50 డాలర్లు. వచ్చిన జట్టుకు ముందే ఒప్పుకున్న మొత్తం 428. మైదానం అద్దె 50. ఆ ముగ్గురి ఖర్చులకు 75, హోటల్ బిల్లు 9. ఆ తర్వాత హెఫెల్‌ఫింగర్‌కు ఆడినందుకు 500, నగదు. ఖర్చు మొత్తం 1,062. ఇంత పోసినా క్లబ్బుకు 621 డాలర్లకు పైనే మిగిలింది!

అసలు కిటుకు 75కీ 500కీ మధ్య ఉంది. దారి ఖర్చులు, బస ఇవ్వడం అమెచ్యూర్ నియమాలకు విరుద్ధం కాదు. మన భాషలో టీఏ, డీఏ. ఆడినందుకు డబ్బు ఇవ్వడమే నిషిద్ధం. ఆ నిషిద్ధాన్ని మేనేజర్ ఓ. డి. థాంప్సన్ లెక్కలో దాచలేదు, మైదానం అద్దెకు పదింతలైన అంకెను విడి పద్దుగా రాశాడు. దొంగ పని చేసినా లెక్క దొంగది కాకపోవడం వల్లే ఈ రోజు మనకు సాక్ష్యం దొరికింది. మరుసటి వారం ఆటకు డొనెలీకి 250 ఇచ్చారు, ఆ ఆట ఓడారు కూడా.

ఫలితం 4–0 అని చదివి చాలామంది తికమకపడతారు. టచ్‌డౌన్‌కు, అంటే బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించినందుకు, ఇప్పటి లెక్కలో 6 పాయింట్లు, అప్పట్లో 4. దాని తర్వాతి కిక్‌కు 2, ఫీల్డ్ గోల్‌కు (ఆట మధ్యలో బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్నితే) 5. హెఫెల్‌ఫింగర్ జారిన బంతిని అందుకుని పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు, కిక్ తప్పింది, అంతే. ముందుకు పాస్ విసిరే వీలు 1906 దాకా లేదు; మూడు డౌన్లలో, అంటే మూడు ప్రయత్నాల్లో, బంతితో 5 గజాలు దాటాలి. కాబట్టి ఎక్కువ భాగం తోపులాటే. అలాంటి ఆటలో ముందు వరుసలో నిలబడి తోసే యేల్ గార్డు హెఫెల్‌ఫింగర్ ఒక్కడికి 500 ఎందుకు పోశారో ఇక్కడే అర్థమవుతుంది.

మ్యూజియానికి ఇచ్చే మార్కులు 5కి 4. ఒకటి తగ్గించింది ఆటపై అభిమానం లేనివాళ్లను ఊహించుకునే: పై అంకెలు ముందే తెలుసుకుని వెళ్లకపోతే వాళ్లు ఆ కాగితం ముందు అర నిమిషం కూడా నిలబడరు. క్లీవ్‌లాండ్‌లో ఉన్న తెలుగువాళ్లకు కారులో గంట ప్రయాణం, ఒక పూట సరిపోతుంది. ఆ మైదానం కూడా చూద్దామని మాత్రం పిట్స్‌బర్గ్ బయల్దేరకండి. అలెగెనీ ఊరే 1907లో ఆ నగరంలో కలిసిపోయింది, రిక్రియేషన్ పార్కు లేదు.