పురుగుమందుల పనిలో నరాలకు కాపుదల: మందు మార్చడమా, గ్లౌజులా, మాస్కా, రక్తపరీక్షా – ఏది మేలు?

మందు కొట్టేటప్పుడు జాగ్రత్త అనగానే చాలామంది ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. నరాల జబ్బు విషయంలో ఆ గుడ్డ దాదాపు దండగ. తడిసిందంటే చేటు కూడా, ఎందుకంటే మందును గంటల తరబడి మూతికీ బుగ్గలకీ అంటించి ఉంచుతుంది. డబ్బూ ఓపికా కొంతే ఉన్నప్పుడు వాటిని ముందు ఎక్కడ పెట్టాలో చూద్దాం.

అసలు ప్రమాదం రెండు రకాలు. రెండింటినీ తెచ్చే పురుగుమందు ఒకటి కాదు, కాపుదల కూడా ఒకటి కాదు.

మొదటిది క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గనోఫాస్ఫేట్లది. ఇవి నరాల సంకేతాన్ని ఆపే ఎసిటైల్‌కొలినెస్టరేస్ అనే ఎంజైమును పనిచేయనివ్వవు. సంకేతం ఆగదు కాబట్టి చొంగ, చెమట, కంటిపాప చిన్నదవడం, కండరాలు అదరడం వెంటనే కనిపిస్తాయి. తేరుకున్నాడనుకున్న మనిషికి 1 నుంచి 4 రోజుల్లో మెడ కండరాలు, ఊపిరి కండరాలు చచ్చుబడవచ్చు. ఈ వర్గంలోని కొన్ని మందులతో 1 నుంచి 3 వారాల తర్వాత కాళ్లకు తిమ్మిరి, పాదాల బలహీనత మొదలవుతాయి.

రెండోది చప్పుడు లేనిది. కలుపుమందు పారాక్వాట్ కణాల్లో విషపూరిత ఆక్సిజన్ అణువులను పుట్టిస్తుంది. పురుగుమందు రోటెనోన్ కణంలో శక్తినిచ్చే మైటోకాండ్రియాలో శక్తి తయారీని అడ్డుకుంటుంది. దెబ్బతినేది కదలికలకు అవసరమైన డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు. అమెరికాలోని అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో 1993లో మొదలైన వ్యవసాయ ఆరోగ్య అధ్యయనంలోని వారిపై 2011లో వెలువడిన పరిశోధన, ఈ రెండు మందులు వాడినవారిలో పార్కిన్సన్స్ (వణుకు తెచ్చే మెదడు జబ్బు) అవకాశం సుమారు రెండున్నర రెట్లు ఉన్నట్టు చూపింది. ఇది గుంపు లెక్క. ఫలానా మనిషికి ఫలానా మందువల్లే వచ్చిందని దీంతో తేల్చలేం. అయినా ఫ్రాన్స్ 2012లోనే పురుగుమందులతో పనిచేసేవారి పార్కిన్సన్స్‌ను వృత్తి వ్యాధిగా గుర్తించింది.

మందు మార్చడం

ఇదే అన్నిటికంటే మేలు, ఎందుకంటే చేతిలో లేని మందు ఒంటికి అంటదు. కానీ మార్చేటప్పుడు రెండుచోట్ల జనం పప్పులో కాలేస్తారు. ఒకటి, బ్రాండు పేరు మారితే మందు మారిందనుకోవడం. చూడాల్సింది డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండే రసాయనం పేరు, దాని వర్గం. ఒక ఆర్గనోఫాస్ఫేట్ మానేసి మరో ఆర్గనోఫాస్ఫేట్ కొంటే నరాలకు ఒరిగేదేమీ లేదు. రెండోది ప్రమాద తరగతిని నమ్మడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరగతులు ప్రధానంగా, ఎంత మోతాదు ఎలుకల్లో సగాన్ని చంపుతుందన్న లెక్క మీద నిలబడ్డాయి. అది ఒక్కసారిగా ఒంట్లో చేరే విషం సంగతి. ఆ లెక్కలో పారాక్వాట్ రెండో తరగతి, అంటే 'మధ్యస్థ' ప్రమాదం. ఇరవై ఏళ్ల తర్వాత మెదడుకు ఏమవుతుందో ఆ తరగతి చెప్పదు. యూరోపియన్ యూనియన్‌లో పారాక్వాట్ అనుమతి 2007లోనే రద్దయింది.

'మొక్క నుంచి తీసింది, కాబట్టి మంచిదే' అన్న మాట కూడా చెల్లదు. రోటెనోన్ కొన్ని మొక్కల వేళ్ల నుంచే వస్తుంది.

గ్లౌజులా, మాస్కా?

మందు మార్చలేకపోతే గొడవంతా ఇక్కడే. మామూలు పిచికారీ పనిలో గ్లౌజులకే మా ఓటు. వీపు పంపు నాజిల్ నుంచి వచ్చే తుంపరల్లో ఎక్కువ భాగం 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) కంటే పెద్దవి. అవి ఊపిరితిత్తుల లోతుకు పోవు, చర్మం మీద పడతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం కలిపేటప్పుడే. వంద రెట్లు పలచన చేసే మందైతే, సీసాలోంచి వేలి మీద పడ్డ ఒక్క చుక్క వంద చుక్కల పిచికారీ ద్రావణంతో సమానం. కాబట్టి కొలిచే ఆ రెండు నిమిషాలే రోజంతటి పనికంటే ముఖ్యం. పైగా చర్మం అంతటా ఒకేలా పీల్చదు. పారాథియాన్ అనే ఆర్గనోఫాస్ఫేట్‌తో చేసిన పాత ప్రయోగాల్లో ముంజేతితో పోలిస్తే నుదురు, తల చర్మం సుమారు 4 రెట్లు, వృషణాల చర్మం దాదాపు 12 రెట్లు పీల్చాయి. మందు చేతులతో మూత్రానికి వెళ్లడం ఎంత చెడ్డదో ఆ అంకె చెబుతుంది. వెళ్లకముందే సబ్బుతో కడుక్కోవాలి.

ముందు చెప్పిన అమెరికా రైతుల సమాచారాన్నే 2015లో గ్లౌజుల కోణంలో చూశారు. పనిలో సగానికి పైగా సమయం గ్లౌజులు వేసుకోనివారిలోనే పారాక్వాట్‌కూ పార్కిన్సన్స్‌కూ సంబంధం కనిపించింది.

అయితే ఏ గ్లౌజులైనా కాదు. ఆసుపత్రుల్లో వాడే పలచని లేటెక్స్ గ్లౌజుల గుండా నూనె ద్రావకం ఉన్న మందులు, అంటే డబ్బా మీద 'ఈసీ' అని ఉండేవి, త్వరగా దిగుతాయి. తోలువీ గుడ్డవీ మందు పీల్చుకుని చేతికి పట్టీలా అతుక్కుంటాయి. లోపల గుడ్డ పొర లేని, కనీసం 0.35 మిల్లీమీటర్ల మందమున్న నైట్రైల్ గ్లౌజులు కొనాలి. నేలవైపు కొట్టేటప్పుడు చొక్కా చేతులు గ్లౌజుల మీదకి రావాలి. తలకంటే ఎత్తుకు కొడితే గ్లౌజుల అంచు చొక్కా మీదకి రావాలి, లేకపోతే మందు కారుతూ లోపలికి పోతుంది. తీసేముందు గ్లౌజులతోనే చేతులు కడిగి, తర్వాత తీయాలి. చిల్లు పడిన గ్లౌజు లేనిదానికంటే చెడ్డది, లోపలికి వెళ్లిన మందు బయటికి రాదు.

మాస్కు ముందుకు వచ్చే చోట్లూ ఉన్నాయి. పాలీహౌస్‌లో కొట్టడం, పొగమంచులా చిమ్మే ఫాగింగ్ యంత్రం, మూసిన గదిలో పొడిమందు చల్లడం. అక్కడ తుంపర సన్నం, గాలి కదలదు. ధూళికి వాడే ఎన్95 మాస్కు నూనె తుంపరలను గానీ ద్రావకపు ఆవిరిని గానీ ఆపదు. సేంద్రియ ఆవిరి కాట్రిడ్జి, దాని మీద నూనె తుంపరలనూ ఆపే పీ100 ఫిల్టర్ ఉన్నదే కావాలి. వాసన తెలిస్తే కాట్రిడ్జి అయిపోయినట్టే. గడ్డం ఉంటే అంచు అతకదు. గోదాముల్లో ఫాస్ఫీన్ లాంటి వాయువుకు ఇదీ చాలదు, ఆ వాయువుకే తగిన పరికరం ఉండాలి.

పంపా, ట్రాక్టరా, డ్రోనా?

వీపు పంపులో మూత దగ్గర కారడం, తానే చిమ్మిన మందులోకి నడవడం సహజం. గాలికి ఎదురుగా నడిస్తే మొహం మీదికే వస్తుంది. మూసిన కేబిన్ ఉన్న ట్రాక్టరు దీన్ని బాగా తగ్గిస్తుంది, కానీ ఫిల్టర్ మార్చకపోయినా, మందు అంటిన బూట్లతో ఎక్కినా కేబిన్ లోపలే మందు పేరుకుంటుంది. డ్రోన్ మనిషిని దూరంగా ఉంచుతుంది. అయితే తక్కువ నీటితో పోయే కారణంగా ట్యాంకులో ద్రావణం చిక్కగా ఉంటుంది, నింపేవాడి చేతులకు ప్రమాదం పెరుగుతుంది. ఏ యంత్రమైనా మందును నేరుగా పైపుతో పీల్చే మూసిన అమరిక ఉంటే దానికే ఖర్చు పెట్టండి.

రక్తపరీక్ష

రక్తంలో ఆ నరాల ఎంజైము రకం ఎంత పనిచేస్తోందో చూసే కొలినెస్టరేస్ పరీక్ష ఆర్గనోఫాస్ఫేట్లకే పనికొస్తుంది. అదే ఎంజైమును ఆపే మరో వర్గం కార్బమేట్ల ప్రభావం త్వరగా పోతుంది కాబట్టి దొరక్కపోవచ్చు. పారాక్వాట్, రోటెనోన్ మెదడుకు చేసే హాని ఇందులో తెలియదు. అసలు విలువ పోలికలో ఉంది. ఆ వర్గం మందులు ముట్టని 30 రోజుల తర్వాత తీసిన తొలి అంకె లేకుండా తర్వాతి అంకెకు అర్థం తక్కువ, ఎందుకంటే మామూలు విలువే మనిషికీ మనిషికీ తేడా. కాలిఫోర్నియా నిబంధనలో తొలి అంకెలో 80 శాతం కంటే తగ్గితే పని పద్ధతి తనిఖీ చేస్తారు. ఎర్ర రక్తకణాల ఎంజైము 70 శాతానికి గానీ, ప్లాస్మాది (రక్తంలోని ద్రవభాగానిది) 60 శాతానికి గానీ పడితే మనిషిని ఆ పని నుంచి తప్పిస్తారు. రెండూ 80 శాతానికి చేరాకే తిరిగి రానిస్తారు. ఎర్ర రక్తకణాలది రోజుకు సుమారు 1 శాతమే కోలుకుంటుంది, అందుకే తొందరపడి పంపకూడదు.

పార్కిన్సన్స్‌కు వణుకు కంటే ఏళ్ల ముందే వాసన తగ్గడం, మలబద్ధకం, కలల్లో కాళ్లూ చేతులూ ఆడించడం కనిపించవచ్చు. ఒక్కోటీ వేరే కారణంతో కూడా వస్తుంది, కలిసివస్తే నరాల డాక్టరుకు చూపించాలి. డాక్టరు ఏ మందులు వాడారని అడిగితే 'ఏదో పురుగుమందు' అంటే లాభం లేదు. రసాయనం పేరు, వాడిన తేదీలు, కలిపిన పరిమాణం, ఒంటి మీద ఒలికిన రోజులు, ఎంతసేపటికి కడుక్కున్నారో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. వృత్తి వ్యాధిగా పరిహారం అడగాల్సి వచ్చినా చూపించేది అదే.