ట్రాప్ కెమెరా కొంటున్నారా? డబ్బా మీద రాతలు నమ్మి నాలా మోసపోకండి

చంద్రగిరి దగ్గర కొండ కింద మాకు మామిడి తోట ఉంది. మార్చిలో తోటలో ఉండే కుక్క ఒకటి రాత్రికి రాత్రే మాయమైంది. చిరుతే ఎత్తుకుపోయిందని తోట చూసుకునే పెద్దాయన, కాదు దొంగల పనేనని మా తమ్ముడు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిన్నపాప చిరుతకు బలైనప్పటి నుంచి మా వైపు చీకటి పడితే టెన్షనే. అప్పుడు అటవీశాఖ వాళ్లు ఆ దారిలో పెట్టినలాంటి ట్రాప్ కెమెరా, అంటే ముందు ఏదైనా కదిలితే తనంతట తానే ఫొటో తీసేది, ఒకటి తోటలో కడదామనుకున్నా.

తిరుపతిలో సీసీ కెమెరాలు అమ్మే ఒక షాపులో 6,800 రూపాయలు పోశా. 48 మెగాపిక్సెల్, నో గ్లో (రాత్రి ఫొటో కోసం వెలిగే లైటు కంటికి కనపడదని), 0.2 సెకన్లలో క్లిక్, వాటర్‌ప్రూఫ్. డబ్బా మీద రాయనిది లేదు.

పది రోజుల తర్వాత కార్డు తీస్తే దాదాపు అన్నీ ఊగుతున్న మామిడి కొమ్మ ఫొటోలే. ఎండకు కాగిన కొమ్మ కదిలినా కదలికను పట్టే సెన్సర్ జంతువనే అనుకుంటుంది. కొమ్మ కొట్టకుండా కట్టడం నా తప్పే, ఒప్పుకుంటా. కానీ ఒక రాత్రి ఫొటోలో, సరిగ్గా అంచున, సగం తోక. అంతే! పెద్దది చేసి చూస్తే అలికినట్టు ఉంది. ఏ చిరుత ఏదో పక్కల మీది మచ్చలను బట్టి పోలుస్తారట. ఇందులో అది తోకో తాడో తేలితే చాలు. లోపల ఫొటో తీసే సెన్సర్ చిన్నదేనట, ఫొటోను సాఫ్ట్‌వేర్ సాగదీసి 48 అంటోంది. 0.2 సెకన్లలో క్లిక్ అన్నారు కదా అని తమ్ముణ్ణి కెమెరా ముందు అడ్డంగా నడవమంటే చెప్పు మడమ ఒక్కటే పడింది.

ఇక నో గ్లో. 940 నానోమీటర్ల లైటయితే కంటికి కనపడదు. నాకిచ్చింది 850ది. రాత్రి ముప్పై అడుగుల దూరం నుంచి చూసినా బీడీ నిప్పుల్లా ఎర్రగా కనిపిస్తోంది. దొంగకు మనమే దారి చూపించినట్టు.

మొదటి వానకే లోపలికి నీళ్లు. రబ్బరు వాషర్ ఊడి ఉంది, బ్యాటరీ స్ప్రింగుల దగ్గర ఎర్ర చీమలు గుడ్లు పెట్టాయి. షాపుకు తీసుకెళ్తే, "లోపలికి నీళ్లు పోతే వారంటీ రాదు సార్" అన్నాడు. వాటర్‌ప్రూఫ్ అన్న నోటితోనే!

కొనేవాళ్లు షాపులోనే బ్యాటరీలు, కార్డు వేయించి, లైట్లు ఆర్పించి కెమెరా బల్బులు ఎర్రగా కనిపిస్తున్నాయేమో చూడండి. ముందు నుంచి అడ్డంగా నడిచి, మనిషి మొత్తం పడ్డాడో లేదో చూశాకే డబ్బులివ్వండి. మోడల్ నంబరుతో బిల్లు అడగండి. సొంత పొలంలోనే కట్టుకోండి, అనుమతి లేకుండా అడవిలోకి వెళ్లి కడితే కేసవుతుంది.

కుక్క సంగతంటారా? అటవీశాఖ బీట్ ఆఫీసర్ గారు వచ్చి, కెమెరా వైపు కూడా చూడకుండా, బోరు కాలువ పక్కన బురదలో అడుగు చూపించారు. కుక్క అడుగైతే గోళ్లు పడతాయి, ఇందులో గోళ్ల గుర్తు లేదు. చిరుతే.