సంఘంలో హెల్త్ క్యాంపా, నెలనెలా బీపీ బల్లా: ఏది మేలు?

బెంగళూరులోని మన తెలుగు క్రైస్తవ సంఘాలు మెడికల్ కాలేజీతో కలిసి ఏదైనా చేద్దామనుకుంటే మొదట గుర్తొచ్చేది క్యాంపే. ఆదివారం ఆరాధన అయ్యాక షామియానా, బ్యానరు, హౌస్ సర్జన్లు, కొన్ని రోజులకు సరిపడా మాత్రలు. రెండో దారికి ఇంత హడావిడి ఉండదు. సంఘంలో నలుగురైదుగురికి కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగం శిక్షణ ఇస్తుంది. వాళ్లు నెలకో ఆదివారం బల్ల వేసుకుని బీపీ చూస్తారు. ఎక్కువ వచ్చినవాళ్లను డాక్టరు దగ్గరికి పంపి, వెళ్లారో లేదో ఆరా తీస్తారు.

నా ఓటు రెండోదానికే. క్యాంపు దండగని కాదు. ఎన్నడూ బీపీ చూపించుకోని మేస్త్రీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఆ రోజు చెయ్యి చాపుతారు. కంటి శుక్లాల పరీక్షలాంటివాటికైతే క్యాంపే నయం. కానీ ఒక్కసారి 150/95 వచ్చినంత మాత్రాన బీపీ ఉందని తేల్చలేం. మామూలుగా వేరే రోజు మళ్లీ చూసి, అప్పుడూ 140/90 దాటితేనే నిర్ధారిస్తారు. క్యాంపుకు ఆ రెండో రోజే ఉండదు.

పైగా ఉపవాస ప్రార్థనల సంగతి ఒకటుంది. గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. కుర్ర డాక్టరుకు మన శుక్రవారం ఉపవాసాల గురించి తెలియదు, పాస్టరుగారికి ఆ మాత్ర గురించి తెలియదు. శిక్షణ పొందిన అక్క ఒకరుంటే, "వదినా, ఉపవాసం ఉంటానని డాక్టరుకు చెప్పావా?" అని గురువారమే అడుగుతుంది. ప్రార్థన చేయించుకున్నాం కదా అని మాత్రలు మానేసేవాళ్లకు మాత్రం అయ్యగారే వేదిక మీద నుంచి చెప్పాలి. ప్రొఫెసరు చెబితే వినరు.

రెండో దారిలో నాకున్న భయం గుట్టు గురించే. ఎవరికి షుగరుందో మధ్యాహ్నం భోజనాల వేళకి సంఘమంతా తెలిసిపోతుంది! నైజీరియాలోని ఎనుగులో దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. చర్చిల్లో గర్భిణులకు వేడుక చేసి, హెచ్‌ఐవీ పరీక్షను హెపటైటిస్-బీ, సికిల్ సెల్ పరీక్షలతో కలిపేశారు. ఎవరినీ వేలెత్తి చూపే వీల్లేకపోయింది. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ చర్చిల్లో 92 శాతం మంది హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకున్నారు, పోలిక కోసం తీసుకున్న మిగతా చర్చిల్లో 55 శాతమే. మన దగ్గర కూడా పిలవడం, గుర్తుచేయడం వరకే సంఘం చూసుకుని, రికార్డులు కాలేజీ దగ్గరే ఉండటం మంచిది.

చర్చి గడప తొక్కడానికి మొహమాటపడే ఇరుగుపొరుగుకు ప్రభుత్వం నడిపే నమ్మ క్లినిక్ ఉంది. కాకపోతే కూలికి వెళ్లేవాళ్లు పగటిపూట అక్కడికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది.

కాలేజీకి వెళ్లినప్పుడు డేటు ఒక్కటే అడిగి రావద్దు. విద్యార్థులు పోస్టింగు అయిపోగానే మారిపోతారు, కాబట్టి బాధ్యత ఏ అధ్యాపకుడిదో అడగండి. మాత్రలు నెలనెలా ఎక్కడ దొరుకుతాయో, వచ్చే జట్టులో తెలుగు తెలిసినవాళ్లు ఉంటారో లేదో కూడా అడగండి. వీటికి జవాబు దొరకకపోతే ఈ ఏడాదికి క్యాంపుతోనే సరిపెట్టుకోండి.