ఆకుమచ్చకు మందని చెప్పి టానిక్ అంటగట్టారు, వేరుశనగ రైతులు జాగ్రత్త

ఇప్పుడే చేను నుంచి వచ్చి రాస్తున్నాను. కోపం ఇంకా దిగలేదు. ఎక్కడైనా మాట తూలితే ఏమీ అనుకోకండి.

నాకు ఆ టానిక్ అంటగట్టిన పురుగుమందుల షాపు పేరు రాయను. మా అనంతపురం వైపు వాళ్లకు అలాంటి షాపు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు, సీజన్‌లో పొద్దున ఏడింటికే ముందర మోటార్ సైకిళ్లు బారులు తీరి ఉంటాయి. ఆరేళ్లుగా నేను విత్తనశుద్ధి మందు నుంచి అన్నీ అక్కడే కొంటున్నాను.

నాది నాలుగెకరాల ఎర్రనేల. కదిరి-6 రకం వేరుశనగ జులై మొదటివారంలో విత్తాను. ఆగస్టు చివర్లో ముసురు పట్టి వారం దాకా వదల్లేదు. ఆకు మీద తడి ఆరకపోతే తిక్క తెగులు, అదే ఆకుమచ్చ, వస్తుందని మనందరికీ తెలిసిందే. పోయిన ఏడూ అదే చేలో వేరుశనగే వేశాను, కిందటేటి చెత్తలో ఉన్న బూజు వానచినుకుతో లేచి కింది ఆకులకు అంటుకుంటుంది. పంట మార్చకపోవడం నా తప్పే. ముసురు విడిచాక చూస్తే ఆకుల మీద చుట్టూ పసుపు వలయంతో గోధుమరంగు మచ్చలు, ఆకు తిప్పితే అడుగున అక్కడక్కడా బొగ్గులాంటి నల్లచుక్కలు కూడా.

రైతు సేవా కేంద్రంలో అడిగితే హెక్సాకొనజోల్ 5 శాతం మందు, లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు, పదిహేను రోజులకు మళ్లీ ఒకసారి కొట్టమని చీటీ రాసిచ్చారు. ఆ చీటీతోనే షాపుకు పోయాను. మా ఇంటామె పోయేటప్పుడు కూడా చెప్పింది, చీటీలో ఉన్నదే తెచ్చుకో, వేరేది పట్టుకొని రావద్దని.

షాపాయన చీటీ చూసి పక్కన పెట్టేశాడు. "అది పాత మందన్నా, తెగులు దానికి అలవాటు పడిపోయింది. ఇది కొత్త బయో మందు. ఆకుమచ్చ, తుప్పు తెగులు రెండూ ఒక్క దెబ్బకు పోతాయి. వారంలో చేను ముదురు పచ్చగా తిరగకపోతే సీసా తెచ్చి నా మొఖాన కొట్టు" అన్నాడు. టీ తెప్పించాడు. సీసా 1,650 రూపాయలు, ఎకరాకొకటి చొప్పున నాలుగు తీసుకున్నాను. బిల్లు అడిగితే, "బిల్లు రాస్తే 18 శాతం జీఎస్టీ పడుతుంది, నీకెందుకన్నా ఆ భారం" అన్నాడు. నిజమే కదా, నా మేలుకే చెబుతున్నాడు అనుకున్నాను.

మూడెకరాలకు కొట్టేసరికి వాన పట్టుకుంది. మర్నాడు మా బావ చేలో కొట్టగా మిగిలిన హెక్సాకొనజోల్ ఉంటే ఆ మిగతా ఎకరాకు అది కొట్టాను. అలా ఒక సీసా మూత తీయకుండా ఇంట్లోనే ఉండిపోయింది.

నాలుగైదు రోజులు చేను నిజంగానే నిగనిగలాడింది. నేను పదిమందికి చెప్పాను కూడా, మంచి మందు దొరికిందని. అది తలుచుకుంటే ఇప్పుడు కడుపులో మంట పుడుతోంది. పన్నెండో రోజుకు మూడెకరాల్లో కింది ఆకంతా రాలిపోయింది. కాయ ఊరే సమయంలో మొక్కకు పైన నాలుగు ఆకులే మిగిలాయి. బావ మందు కొట్టిన ఎకరా మాత్రం మచ్చలతోనైనా ఆకు నిలబెట్టుకుంది. ఒకే చేను, ఒకే విత్తనం, మధ్యలో గట్టు కూడా లేదు.

ఆ రాత్రి మా పాప మూత తీయని సీసా తీసుకొని చదివింది. డిగ్రీ చదువుతోంది. "నాయనా, దీని మీద తెగులు అనే మాటే లేదు. మొక్క పెరగడానికి వాడే మందని రాసుంది" అంది. రిజిస్ట్రేషన్ నంబరు లేదు. పురుగుమందు డబ్బాల మీద ఎరుపో, పసుపో, నీలమో, ఆకుపచ్చో రంగు గుర్తు ఉంటుంది కదా, అదీ లేదు. ఆరేళ్లుగా కొంటున్నవాణ్ణి, సీసా తిప్పి ఒక్కసారి చూడలేదు నేను.

పొద్దున్నే ఆ సీసా, రాలిన ఆకు ఒక సంచిలో వేసుకొని షాపుకు పోయాను. గొడవ పడాలని పోలేదు. ఇప్పుడైనా అసలు మందు ఇవ్వు, మిగతాది తర్వాత మాట్లాడదాం అని అడగాలనుకున్నాను. ఆకు బల్ల మీద పోస్తే ఆయన దాన్ని కన్నెత్తి చూడలేదు. "బిల్లు చూపించు" అన్నాడు.

"నువ్వే కదా వద్దన్నది" అన్నాను.

"నేనా? ఎవురు విన్నారు?"

ఆ రోజు సీసాలు కవర్లో వేసిచ్చిన పిల్లాడు అక్కడే ఉన్నాడు. తల వంచుకొని గోనెసంచులు సర్దుకుంటూ ఉండిపోయాడు. వాణ్ణి నేనేమీ అనను, వాడి కూలి వాడికి ముఖ్యం. షాపులో ఆరేడుగురు రైతులున్నారు. అందులో ఒకాయన చేతిలో అదే సీసా. "అది తీసుకోవద్దన్నా, తెగులు మందు కాదది" అని చెప్పాను. అప్పుడు లేచాడు షాపాయన. "యాపారం చెడగొట్టడానికొచ్చినావా? చేను చూసుకోవడం చేతకాక మందు మీద పడతావా? పోవయ్యా బయటికి" అని వేలు చూపించాడు. పన్నెండు రోజుల ముందు "అన్నా" అని టీ తాగించిన మనిషి.

నష్టం కన్నా ఆ మాటే నన్ను కాలుస్తోంది. ఆకు పోతే కాయ గట్టిపడదు, కాయను మొక్కకు పట్టి ఉంచే ఊడలు మెత్తబడి పీకేటప్పుడు సగం కాయ నేలలోనే ఉండిపోతుంది. పశువులకు మేతగా వేసే వేరుశనగ కట్టె కూడా దక్కదు. ఇదంతా నాకు తెలుసు, మోసుకుంటాను. కానీ నా చేను నేను చూసుకోలేదని పదిమందిలో అనిపించుకున్నాను. ముప్పై ఏళ్లుగా సేద్యం చేస్తున్నవాణ్ణి.

చెప్పాల్సింది కొంచెమే. బయో అన్నవన్నీ మోసమని కాదు, ట్రైకోడెర్మా, సూడోమోనాస్ లాంటి మేలు చేసే సూక్ష్మజీవుల మందులు రిజిస్ట్రేషన్‌తో వస్తాయి, వాటి పని అవి చేస్తాయి. తెగులు మందని చెప్పి ఇచ్చే ఏ డబ్బా మీదైనా రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఆ రంగు గుర్తు ఉన్నాయో లేదో చూడండి. చదవడం రాకపోతే పిల్లలకు ఫొటో పంపి అడగండి. చీటీలో రాసిందే అడగండి. లేదంటే మరో షాపుకు పోండి. బిల్లు తీసుకోండి, బ్యాచ్ నంబరు అందులో రాయించండి. అనుమానం వస్తే కొట్టకముందే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

సోమవారం మండల వ్యవసాయాధికారి దగ్గరికి పోతున్నాను. మూత తీయని సీసా నా దగ్గర భద్రంగా ఉంది. నాకు బిల్లు లేదు, కానీ ఇలాంటి సీసాలు మరో నలుగురి దగ్గర ఉంటే నా మాటకు బలం వస్తుంది. ఖాళీవైనా సరే పారేయకండి. ఆ రోజు షాపులో నేను వద్దన్నా నా వైపు చూడకుండా సీసా తీసుకుపోయిన అన్నా, నీ మీద నాకు కోపం లేదు. నీ స్థానంలో నేనున్నా ఆయన మాటే నమ్మేవాణ్ణి. ఇంకా కొట్టకపోయుంటే కొట్టొద్దు. ముందు అసలు మందు తెచ్చి కొట్టి చేను కాపాడుకో, సోమవారం ఆ సీసా తీసుకొని నాతో రా.