డయల్-అప్ వేగం: కొత్త మోడెమా, లైను బాగుచేయడమా, బరువు తగ్గించుకోవడమా?

ఫోన్ లైను మీదుగా ఇంటర్నెట్‌కు కలిపే డయల్-అప్ మోడెమ్ డబ్బా మీద 56కె, అంటే సెకనుకు 56,000 బిట్లు అని రాసి ఉంటుంది. కనెక్ట్ అయ్యాక చూస్తే స్క్రీన్ మూలన 44,000 అనో 31,200 అనో కనిపిస్తుంది. తీరా ఏదైనా డౌన్‌లోడ్ పెడితే సెకనుకు నాలుగైదు కిలోబైట్లకు మించి రాదు. మిగతాదంతా ఎటు పోయింది? ఈ అనుమానంతోనే చాలామంది కొత్త మోడెమ్ కొనడానికి బయల్దేరతారు. నేనూ అలాగే బయల్దేరాను. కొన్నాక కూడా అంకె మారలేదు.

కొనే ముందు చేయాల్సిన లెక్క ఒకటుంది. మోడెమ్ చెప్పేది బిట్లలో, డౌన్‌లోడ్ కిటికీ చూపించేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 44,000ను 8తో భాగిస్తే 5,500 బైట్లు. అందులో ప్యాకెట్ల (డేటాను ముక్కలు చేసి కట్టిన పొట్లాల) మీద ఉండే చిరునామాలకూ, పాడై మళ్లీ పంపినవాటికీ కొంత పోతుంది. కాబట్టి సెకనుకు 5 కిలోబైట్లు నిలకడగా వస్తుంటే మీ కనెక్షన్‌కు జబ్బేమీ లేదు. ఇక 56కె అన్నది చేరుకోలేని గమ్యం లాంటిది. టెలిఫోన్ వ్యవస్థ గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఒక్కో కొలతలో నమ్మకంగా వాడుకోగలిగేది 7 బిట్లు. 56 అక్కడి నుంచి వచ్చింది. అది కూడా ఏ లోపమూ లేని లైను మీదే. అమెరికాలోనైతే సిగ్నల్ బలానికి పెట్టిన పరిమితి వల్ల 53.3 దగ్గరే ఆగిపోయేది. ఒక్కోసారి కంప్యూటర్ 115,200 అని చూపిస్తుంది. దాన్ని చూసి సంబరపడకండి, అది కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య ఉన్న వేగం, ఫోన్ లైనుది కాదు.

లైనా, మోడెమా?

నా ఓటు లైనుకే. కొత్త మోడెమ్ పెట్టినా 31,200 దగ్గరే ఆగిపోతుంటే విసుగొచ్చి, ఒకరోజు కంప్యూటర్‌ను మోసుకెళ్లి ఫోన్ లైను ఇంట్లోకి వచ్చే చోటే పెట్టి చూశాను. 45,333 వచ్చింది! దోషమంతా బీరువా వెనక నుంచి పోయిన పొడవాటి చదును వైరుది. దాని లోపలి తీగలు ఒకదానికొకటి మెలిపెట్టి ఉండవు, అందుకే పక్కనున్న కరెంటు వైర్ల రొద అంతా పట్టుకుంటుంది. దానికి తోడు ఆ వైరు మధ్యలో రెండు జాయింట్లు, చివర ఓ పాత ఎక్స్‌టెన్షన్ ఫోను. మెలితిప్పిన జతల వైరు వేసి, ఆ ఫోను తీసేస్తే పని అయిపోయింది. కొత్త మోడెమ్ మాత్రం డబ్బు దండగ.

ఈ అంకెలు ఊరికే వచ్చేవి కావు. 26,400, 28,800, 31,200, 33,600 చూడండి, అన్నీ 2,400 గుణిజాలు. ఇవి వీ.34 అనే పాత పద్ధతివి. 42,667, 44,000, 45,333, 46,667 అంటే 1,333 చొప్పున మెట్లెక్కే అంకెలు. ఇవి 1998లో వచ్చిన వీ.90 పద్ధతివి. మీకు ఎప్పుడూ మొదటి రకమే వస్తుంటే మీ మోడెమ్ 56కె పద్ధతిని వదిలేసి పాతదానికి దిగిపోతోందన్నమాట. రెండో రకమే వస్తూ 40,000 లోపు ఆగుతుంటే వైర్లలో రొద ఎక్కువని అనుమానించవచ్చు.

పరీక్ష చాలా తేలిక. ఇంట్లో మిగతా ఫోన్లు, ఫ్యాక్స్, కాలర్ ఐడీ డబ్బా, అన్నీ పీకేయండి. మోడెమ్‌ను లైను లోపలికి వచ్చే జాక్‌కే నేరుగా, పొట్టి వైరుతో తగిలించండి. నాలుగైదు సార్లు కనెక్ట్ చేసి అంకెలు రాసుకోండి. ఒక్కసారి చూసి తీర్పు చెప్పొద్దు, ఎందుకంటే ప్రతి కాల్‌కీ అవతల ఇంటర్నెట్ ప్రొవైడర్ దగ్గర తగిలే మోడెమ్ వేరు కావచ్చు. తర్వాత ఫోన్ ఎత్తి ఏదో ఒక అంకె నొక్కండి. డయల్ టోన్ ఆగి నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దంలో గరగర, బుయ్‌మనే శబ్దం వినిపిస్తే ఏ మోడెమ్ కొన్నా లాభం లేదు. ఫోన్ కంపెనీకి ఫిర్యాదు చేసేటప్పుడు "ఇంటర్నెట్ నెమ్మదిగా ఉంది" అనకండి, "ఫోన్‌లో గరగర వస్తోంది" అనండి. మాటలకు ఇబ్బంది అంటేనే మనిషిని పంపుతారు.

జాక్ దగ్గర కూడా ఎప్పుడూ పాత రకం అంకెలే వస్తే, లైనులో గరగర కూడా లేకపోతే, మీ లైను ఎక్స్ఛేంజికి చేరేలోపు ఎక్కడో మరోసారి డిజిటల్‌గా (అంకెలుగా) మారి మళ్లీ అనలాగ్ (మామూలు గొంతు సిగ్నల్) అవుతుండవచ్చు. ఒకే తీగజత మీద ఇద్దరికి లైను ఇచ్చిన చోట్ల ఇలా జరుగుతుంది. 56కె పనిచేయాలంటే దారిలో అలాంటి మార్పు ఒక్కసారికి మించి ఉండకూడదు. ఇంట్లో కూర్చుని దీన్ని ఎవరూ బాగుచేయలేరు.

ఇంతకీ మోడెమ్ మార్చడం ఎప్పుడు దండగ కాదు? కంప్యూటర్ పాతదై, లోపల చవక రకం సాఫ్ట్‌మోడెమ్ ఉన్నప్పుడు. ఆ రకంలో సిగ్నల్ విడదీసే పనంతా కంప్యూటర్ ప్రాసెసర్ మీదే పడుతుంది. ఓ పక్క పాట వింటూ ఇంకో పక్క పేజీ తెరిస్తే రెండూ నత్తనడకే. ఆ పని తానే చేసుకునే మోడెమ్, ముఖ్యంగా కంప్యూటర్ వెనక ఉండే పాత రకం సీరియల్ పోర్ట్‌కు బయటి నుంచి తగిలించేది, ప్రాసెసర్‌ను వదిలేస్తుంది. లైన్ ఎంత బిజీగా ఉందో దాని లైట్లే చెప్తాయి కూడా. కానీ కంప్యూటర్ ఓ మోస్తరు కొత్తదైతే ఈ తేడా పెద్దగా తెలియదు.

వీ.90 నుంచి 2000లో వచ్చిన వీ.92కు మారితే కిందికి వచ్చే వేగం పెరగదు. ఇది చాలామందికి తెలియదు. పెరిగేది పైకి పంపే వేగం, 33.6 నుంచి 48 కిలోబిట్ల దాకా. అదీ అవతలి వైపు ప్రొవైడర్ దగ్గర కూడా వీ.92 ఉంటేనే. ఫొటోలు ఎక్కువగా పంపేవాళ్లకు మేలు. కనెక్ట్ అయ్యేటప్పుడు వచ్చే ఆ కీచుమనే సంగీతం కూడా కొంత తగ్గుతుంది. చదవడానికే వాడేవాళ్లు దీనికోసం ఖర్చు పెట్టక్కర్లేదు.

ఎక్కువ అంకెనా, నిలకడా?

ఇది వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ, కొన్ని లైన్ల మీద వేగం తగ్గిస్తేనే పని త్వరగా అవుతుంది. మోడెమ్ ఆశకు పోయి 49,333 దగ్గర కనెక్ట్ అవుతుంది. లైను దాన్ని మోయలేదు. తప్పులు వస్తాయి, పాడైన ముక్కలు మళ్లీ పంపించుకోవాలి. మరీ శ్రుతి మించితే రెండు మోడెమ్‌లూ పని ఆపేసి మళ్లీ మొదట్నుంచి కుదుర్చుకుంటాయి, ఆ కాసేపూ పేజీ బిగుసుకుపోతుంది. అదే మోడెమ్‌కు 44,000 దాటొద్దని ముందే చెబితే మొత్తం మీద ఎక్కువ డేటా వస్తుంది, లైను తెగిపోవడం కూడా తగ్గుతుంది. మోడెమ్ ప్రాపర్టీస్‌లో అదనపు కమాండ్లు రాసే డబ్బాలో దీన్ని పెడతారు. ఏ కమాండ్ అన్నది మోడెమ్ లోపలి చిప్‌ను బట్టి మారుతుంది, మీ మోడెమ్ పుస్తకంలో చూసి రాయాలి.

గంటలో మూడు నాలుగు సార్లు లైను తెగుతుంటే ముందు ఇది ప్రయత్నించండి. దానికంటే ముందు కాల్ వెయిటింగ్ ఆపేయండి. ఇంకో కాల్ వచ్చినప్పుడు వినిపించే చిన్న బీప్ చాలు, కనెక్షన్ ఊడిపోవడానికి.

యాక్సిలరేటరా, బొమ్మలు ఆపేయడమా?

గొట్టం ఇంతకంటే వెడల్పు కాదని తేలాక మిగిలింది అందులోంచి వచ్చే సరుకు తగ్గించుకోవడం. దీనికి యాక్సిలరేటర్ అనే సర్వీసు ఒకటి. మీరు అడిగిన పేజీని ముందు వాళ్ల సర్వర్ తెచ్చుకుని, బొమ్మలను నాసిరకంగా కుదించి, అక్షరాలను మూటకట్టి మీకు పంపిస్తుంది. 2009లో ఒపెరా 10 బ్రౌజర్‌తో వచ్చిన ఒపెరా టర్బో చేసిందీ ఇదే. "అయిదు రెట్ల వేగం" అన్న ప్రకటనలు పూర్తిగా అబద్ధం కాదు, కానీ అది బొమ్మలు నిండిన మామూలు పేజీలకే. జిప్ ఫైళ్లు, పాటలు, వీడియోలు ముందే కుదించి ఉంటాయి కాబట్టి వాటిలో పిండడానికి ఇంకేమీ మిగలదు. పైగా మీరు ఏం చదువుతున్నారో అంతా ఆ మధ్యవర్తి చూస్తాడు. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఇవి తాళం వేసిన హెచ్‌టీటీపీఎస్ పేజీల జోలికి వెళ్లలేవు. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ అవే. డబ్బు కట్టి తీసుకుంటే మిగిలేది మసకబారిన బొమ్మలే.

బ్రౌజర్‌లో బొమ్మలు ఆపేయడానికి పైసా ఖర్చు లేదు, తాళం వేసిన పేజీలకూ పనిచేస్తుంది. అక్షరాలు మాత్రమే ఉన్న 30 కిలోబైట్ల పేజీ ఆరు సెకన్లలో వస్తుంది. అదే పేజీ బొమ్మలతో కలిపి 600 కిలోబైట్లయితే రెండు నిమిషాలు. మరే సెట్టింగూ ఇరవై రెట్ల తేడా చూపించదు. కావాల్సిన బొమ్మను కుడి క్లిక్‌తో విడిగా తెప్పించుకునే వీలు కొన్ని బ్రౌజర్లలో ఉంటుంది. దీనికి తోడు ప్రకటనలను ఆపే బ్లాకర్ పెట్టండి. ఈ రోజుల్లో బరువంతా బొమ్మలది కూడా కాదు, వెనకాల నడిచే స్క్రిప్టులది. స్క్రిప్టులు పూర్తిగా ఆపేస్తే కొన్ని సైట్లు తెల్ల కాగితంలా మిగిలిపోతాయి, కానీ చాలాచోట్ల వార్తలు చదువుకోవడానికి ఇబ్బంది రాదు. మరీ పంతం ఉన్నవాళ్లకు లింక్స్ అనే అక్షరాల బ్రౌజర్ ఉంది, 1992 నుంచీ నడుస్తోంది. నేను మెయిల్ చూసుకోవడానికి కొన్నాళ్లు వాడాను, కళ్లకు హాయిగానే ఉండేది.

ఇంకో దొంగ ఉన్నాడు. మనం పేజీ కోసం ఎదురుచూస్తుంటే ఆపరేటింగ్ సిస్టమ్, యాంటీవైరస్ వెనకాల అప్‌డేట్లు లాగేస్తుంటాయి. వాటి ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆపేసి, వేగమైన కనెక్షన్ ఉన్న చోట పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం మేలు. అప్‌డేట్లే వద్దనుకోవడం మాత్రం ప్రమాదం.

స్పీడ్ బూస్టర్లు

ఒక్క క్లిక్‌తో వేగం రెట్టింపు అనే ప్రోగ్రాములు పైన పటారం, లోన లొటారం. ఇవి చేసేదల్లా విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ప్యాకెట్ పరిమాణం లాంటి రెండు మూడు విలువలు మార్చడం. విండోస్ 95, 98 రోజుల్లో దీనికి కొంత అర్థం ఉండేది. 1,500 బైట్ల ప్యాకెట్‌ను 576కు తగ్గిస్తే 44,000 లైను మీద ఒక్కో ప్యాకెట్ పట్టే సమయం పావు సెకను నుంచి పదోవంతుకు దిగుతుంది. చాట్ చేస్తూ, ఆటలాడుతూ పక్కన డౌన్‌లోడ్ కూడా నడిపేవాళ్లకు అది తేడాయే. కానీ ఉత్త డౌన్‌లోడ్‌కు పెద్ద ప్యాకెట్లే నయం, చిరునామాల ఖర్చు తక్కువ పడుతుంది. విస్టా నుంచి విండోస్ వచ్చే డేటాను అందుకునే బఫర్ (తాత్కాలిక నిల్వ) పరిమాణాన్ని తానే సర్దుకుంటోంది. వదిలేయండి.

రెండు లైన్లు

రెండు ఫోన్ లైన్లు, రెండు మోడెమ్‌లు కలిపి ఒకే కనెక్షన్‌గా వాడే మల్టీలింక్ పద్ధతి 1996 నాటికే ప్రామాణికమైంది. విండోస్ 98లోనే ఉంది. ఈ లిస్టులో నిజంగా గొట్టాన్ని రెట్టింపు చేసేది ఇదొక్కటే. అయితే ప్రొవైడర్ ఒప్పుకోవాలి, రెండు లైన్ల బిల్లు కట్టాలి. అంత పెట్టగలిగేవాళ్లు అదే డబ్బుతో వేరే రకం కనెక్షన్ దొరుకుతుందేమో ముందు కనుక్కోవాలి. ఏ కనెక్షనూ రాని చోట ఉన్నవాళ్లకే ఇది.

పెద్ద ఫైళ్ల విషయంలో మాత్రం నేను వేగం గురించి ఆలోచించడం మానేశాను. ఆగిన చోటి నుంచి మళ్లీ అందుకునే డౌన్‌లోడ్ మేనేజర్ ఒకటి పెట్టుకుని రాత్రి పడుకునే ముందు మొదలుపెడతాను. సెకనుకు 5 కిలోబైట్లంటే గంటకు 18 మెగాబైట్లు. తెల్లారి ఆరు గంటలకు లేచేసరికి, మధ్యలో రెండుసార్లు తెగినా, 120 మెగాబైట్లు దిగి ఉంటాయి.